ఉత్తర డిస్కం లెక్కల్లో మీటరు లేని అంకె

(హనుమకొండలో విద్యార్థులు, రైతులు, విశ్రాంత ఉద్యోగులు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

“బొగ్గు మన దగ్గరే, ప్లాంట్లూ మన దగ్గరే, మరి కరెంటు మనకే ఎందుకు పోతది?” మన దిక్కు ఏ ఊళ్లో నలుగురు కూర్చున్నా ఈ మాట వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. రామగుండంలో ఎన్టీపీసీ ఉంది, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ఉంది, జైపూర్‌లో సింగరేణి వాళ్ల 1,200 మెగావాట్లు ఉన్నాయి. కానీ ప్లాంటులో పుట్టిన కరెంటు పెద్ద లైన్లెక్కి రాష్ట్ర గ్రిడ్‌లో కలిసిపోతుంది. అది చెల్పూరుదో, రామగుండందో అప్పుడు ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో పోయేది ప్లాంటు కరెంటు కాదు. ఊళ్లకు కరెంటు తెచ్చే 11 కేవీ లైన్ మీద కొమ్మ విరిగి పడితేనో, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలితేనో పోతుంది. ఆ చివరి అంచె చూసుకునేది ఉత్తర డిస్కం, అంటే ఉత్తర తెలంగాణకు కరెంటు పంచే కంపెనీ. దాని ఆఫీసు ఇక్కడే, మన నక్కలగుట్టలో ఉంది. ఆ సంస్థ ఏడాది లెక్కలు ఎలా చదవాలన్నదే ఇవాళ నా విషయం.

కథ టూకీగా చెప్తా. 1999లో విద్యుత్ బోర్డును ఉత్పత్తికి ఒకటి, సరఫరాకు ఒకటి అని విడగొట్టారు. 2000లో పంపిణీకి నాలుగు డిస్కంలు వచ్చాయి. పాత వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలు ఉత్తర డిస్కంకు వచ్చాయి. రాష్ట్రం వచ్చాక పేరు ముందు అక్షరాలు రెండుసార్లు మారాయి గానీ పని మారలేదు. ఒక్క సిరిసిల్ల దిక్కు మాత్రం 1970 నుంచి సహకార సంఘం ఉంది. మనం ‘సెస్’ అంటామే, అదే. డిస్కం దగ్గర టోకున కొని ఊళ్లకు అదే పంచుతుంది.

దక్షిణ డిస్కంకు హైదరాబాద్ ఉంది. ఎక్కువ రేటు కట్టే ఫ్యాక్టరీలు, మాల్స్, ఐటీ కంపెనీలు ఉన్నాయి. మనకేమున్నాయి? బావులు, బోర్లు. రాష్ట్రంలో కరెంటు వాడకం అన్నిటికంటే ఎక్కువయ్యేది నడి ఎండాకాలంలో అనుకుంటాం. కాదు, మార్చిలో. 2025 మార్చిలో రాష్ట్ర డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. ఏసీలు అప్పటికింకా పూర్తిగా మొదలు కాలేదు. యాసంగి వరి పొట్టకొచ్చే రోజులవి.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఉచితం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను, ఎన్నికలప్పుడు మీరు అది ఎలాగూ వింటారు. నా గొడవ వేరే. బావి మోటరుకు మీటరు లేదు. మరి వార్షిక నివేదికలో ‘వ్యవసాయ వినియోగం ఇన్ని మిలియన్ యూనిట్లు’ అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

అంచనా నుంచి వచ్చింది. వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్నిటిని నమూనాగా తీసుకుని వాటికి మీటర్లు పెడతారు. వాటి కింద ఒక్కో హార్స్ పవర్‌కు ఎంత కాలిందో సగటు కట్టి, మిగతా పంపుసెట్లన్నిటికీ అదే వర్తింపజేస్తారు. పద్ధతిలో తప్పు లేదు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రూపొందించిందే. చిక్కు పొలంలో ఉంది. మడి గట్టు మీద గద్దె, గద్దె మీద ట్రాన్స్‌ఫార్మర్, పక్కన మీటరు డబ్బా. డబ్బా మూత తెరిస్తే కందిరీగల తుట్టె. అద్దం మసకబారి అంకె కనబడదు. ఒక్కోసారి మీటరును లైనుకు కలిపే సీటీ వైరు ఊడిపోయి, మీటరు పోయిన నెల రీడింగ్ దగ్గరే ఆగి ఉంటుంది. అట్లాంటివి పక్కన పెడితే నమూనా ఇంకా చిన్నదవుతుంది.

చిన్న లెక్క చేద్దాం. ఐదు హెచ్‌పీ మోటరు గంటకు సుమారు నాలుగు యూనిట్లు తీసుకుంటుంది. యాసంగి 120 రోజులు, రోజుకు ఆరు గంటలు నడిస్తే 2,880 యూనిట్లు. ఎనిమిది గంటలని రాసుకుంటే 3,840. ఒక్క మోటరుకు 960 యూనిట్ల తేడా. లక్ష మోటర్లకు 9 కోట్ల 60 లక్షల యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 67 కోట్లు. పొలంలో ఎవరూ చూడని రెండు గంటల విలువ అది.

ఇప్పుడు కరెంటు నష్టాల పేజీకి రండి. డిస్కం వంద యూనిట్లు కొన్నదనుకోండి. మీటరు మీద అమ్మింది 55, వ్యవసాయానికి 35 అని అంచనా. మిగిలిన పదీ నష్టం. నిజానికి వ్యవసాయానికి పోయింది 30 మాత్రమే అయితే? నష్టం 15. ఆ ఐదు యూనిట్లు పట్నంలో కొక్కేలు తగిలించినవాళ్లు తిన్నవీ కావచ్చు, పాత లైన్లలో వేడిగా పోయినవీ కావచ్చు. పేరు మాత్రం రైతుకు వస్తుంది. అందుకే ‘మా నష్టాలు ఇంత శాతానికి తగ్గాయి’ అని ఏ డిస్కం చెప్పినా నేను వెంటనే చప్పట్లు కొట్టను. అదే ఏడాది వ్యవసాయ అంచనా ఎంత పెరిగిందో ముందు చూస్తాను.

గృహజ్యోతితో పోల్చండి. 2024 నుంచి ఇంటికి 200 యూనిట్ల దాకా అదీ ఉచితమే. కానీ ఇంటికి మీటరుంది, జీరో బిల్లు మీద యూనిట్లు ఉంటాయి, ప్రభుత్వం ఎంత కట్టాలో తేలుతుంది. ఉచితం వల్ల లెక్క చెడదు. కొలవకపోతే చెడుతుంది.

ఇక రూపాయల్లో చూస్తే డిస్కంల అప్పులూ నష్టాలూ చిన్నవేం కావు. 2017లో డిస్కంలను అప్పుల నుంచి గట్టెక్కించే కేంద్ర పథకం ‘ఉదయ్’లో చేరి, డిస్కంల అప్పులో ముప్పావు వంతు రాష్ట్ర ప్రభుత్వం నెత్తిన వేసుకుంది. అయినా 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన శ్వేతపత్రం ప్రకారం రెండు డిస్కంల పోగైన నష్టాలు 62 వేల కోట్లు దాటాయి.

ఇంకో పేజీ ఉంటుంది, అంతరాయాల సూచికలు. ఏడాదిలో సగటున ఎన్నిసార్లు, ఎంతసేపు కరెంటు పోయిందని. ఆ లెక్క 11 కేవీ ఫీడర్ దగ్గర, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైన్ దగ్గర కడతారు. ఫీడర్‌లో కరెంటు ఉండి, మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలి నాలుగు రోజులు చీకట్లో ఉన్నారనుకోండి, ఆ నాలుగు రోజులు ఆ సూచికలో కనబడవు! 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు హెచ్‌పీ మోటర్లు నాలుగైదుకు మించి పడితే, పైగా కెపాసిటర్లు లేకపోతే, అది ఎన్నాళ్లు ఆగుతుంది? పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాల్లో ఉంది, మార్చకపోతే పరిహారమూ ఉంది. చందాలేసుకుని, ట్రాక్టర్ కిరాయి పెట్టుకుని రిపేరు షెడ్డుకు మోసుకుపోయే రైతుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

లైన్‌మన్ల గురించి రెండు మాటలు చెప్పకపోతే తప్పవుతుంది. 2023 జులైలో వరదకు భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి మునిగినప్పుడు, 2025 అక్టోబరులో మొంథా తుపానుకు మన హనుమకొండ కాలనీలే చెరువులైనప్పుడు నీళ్లలో దిగి స్తంభాలు నిలబెట్టింది వాళ్లే. నివేదికలో అది ‘మరమ్మతుల ఖర్చు’ అన్న ఒక్క వరుస. ఎల్సీ తీసుకోకుండా, అంటే లైన్ ఆపినట్టు సబ్‌స్టేషన్ నుంచి అనుమతి లేకుండా, ఎర్తింగ్ చేయకుండా ఎవరూ స్తంభం ఎక్కొద్దు. రైతులకు మరీ చెబుతున్నా, ఫ్యూజు మీరు వేయకండి, 1912కు ఫోన్ చేయండి.

ఇక చేయాల్సిన పని. డిస్కం ఏటా వచ్చే ఏడాదికి కావలసిన ఆదాయం లెక్క కట్టి నియంత్రణ మండలి ముందు పెడుతుంది. పేపర్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు అడుగుతారు, బహిరంగ విచారణ పెడతారు. ఎవరైనా మాట్లాడొచ్చు. అక్కడికి పోయి ‘చార్జీలు పెంచొద్దు’ అని మాత్రమే అంటే రాసుకుని పక్కన పెడతారు. నమూనా మీటర్లు ఎన్ని, వాటిలో సరిగ్గా పనిచేసినవి ఎన్ని, జిల్లావారీ రీడింగులు ఏవి అని అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంజనీరింగ్ పిల్లలు ఆ రీడింగులు తీసుకుని ప్రాజెక్టు చేస్తే, సాఫ్ట్‌వేర్ డెమోల కంటే పది రెట్లు పనికొస్తుంది.

2025 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం మూడో డిస్కంకు ఆమోదం చెప్పింది. వ్యవసాయ కనెక్షన్లు, ఎత్తిపోతలు అటు పోతాయి. అప్పుడు ఉత్తర డిస్కం పుస్తకంలో మిగిలేవి దాదాపు అన్నీ మీటరున్న కనెక్షన్లే. బావి లెక్క చాటున ఇన్నాళ్లూ నష్టం ఏమైనా దాగి ఉంటే, విడిపోయిన మొదటి ఏడాది నివేదికలోనే బయటపడుతుంది. ఆ పుస్తకం వచ్చినప్పుడు చైర్మన్ సందేశం తర్వాత చదువుకోవచ్చు. నష్టాల పట్టిక ముందు తెరవండి.