మంగళవారం అప్పు: రాష్ట్రాలకు వేల కోట్లు ఎక్కడివి?

నమస్కారం. మంగళవారం అప్పు చేయొద్దు, తీరదు అంటారు మన పెద్దవాళ్లు. రాష్ట్ర ప్రభుత్వాలు మాత్రం మామూలుగా ఆ రోజే అప్పు తెస్తాయి! రిజర్వ్ బ్యాంక్ ఆన్‌లైన్ వేదిక ఈ-కుబేర్‌లో వాటి బాండ్ల (అప్పు పత్రాల) వేలం జరిగేది మామూలుగా మంగళవారాలే.

ఉదాహరణకు, ఒక రాష్ట్రానికి పదేళ్లకు వెయ్యి కోట్లు కావాలి. బ్యాంకులు, బీమా కంపెనీలు, పీఎఫ్ సంస్థలు ఎంత వడ్డీకి ఇస్తాయో కోట్ చేస్తాయి. తక్కువ అడిగినవాళ్లతో మొదలుపెట్టి వెయ్యి కోట్లు నిండేదాకా తీసుకుంటారు. ఎక్కడ నిండితే ఆ వడ్డీయే కటాఫ్. బుధవారానికి డబ్బు ఖజానాలో ఉంటుంది. వడ్డీ ఆరు నెలలకోసారి, అసలు చివర్లో. అంటే మీరు కట్టే బీమా ప్రీమియంలో కొంత ఏ రాష్ట్రం జీతాలకో, ఏ ప్రాజెక్టుకో వెళ్తూ ఉండొచ్చు.

ఒకప్పుడు రాష్ట్రాలు కేంద్రం దగ్గరే ఎక్కువగా అప్పు తీసుకునేవి. బాండ్లు అమ్మినా అందరికీ ఒకటే వడ్డీ. కేంద్రం మధ్యలో ఉండక్కర్లేదు, మార్కెట్‌కే వెళ్లమంది 12వ ఆర్థిక సంఘం. 2006-07 నుంచి మొత్తం వేలమే.

మరి వేలంలో లెక్కలు బాగున్న రాష్ట్రానికి చవగ్గా, అప్పుల్లో మునిగిన రాష్ట్రానికి ఖరీదుగా పడాలి కదా? విచిత్రం, తేడా చాలాసార్లు పావు శాతం కూడా ఉండదు. వీటికి కేంద్రం గ్యారంటీ లేదు. కానీ రాష్ట్రం ఖాతా ఉండేది ఆర్‌బీఐ దగ్గరే, వడ్డీ పోయేదీ అందులోంచే. ఇక ఎగవేత భయం ఎవరికి?

ఆ ఆర్‌బీఐ గొడుగు తీసేస్తే ఏమవుతుందో 2018 ఆగస్టులో చూశాం. ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ అమరావతి బాండ్లు బీఎస్‌ఈలో అమ్మి 2,000 కోట్లు తెచ్చింది. రాష్ట్రం గ్యారంటీ ఉన్నా వడ్డీ 10.32 శాతం! అప్పట్లో ఆర్‌బీఐ వేలంలో రాష్ట్రాలకు ఎనిమిదిన్నర అటూఇటూ పడుతోంది. నా దృష్టిలో రాష్ట్రం పరపతికి మార్కెట్ కట్టిన అసలు రేటు అదే.

మరి చవక దారి వదిలి ఇలాంటి ప్రభుత్వ సంస్థల, కార్పొరేషన్ల పేరుతో ఎందుకు తెస్తారు? చవక దారికి గేటు ఉంది. రాజ్యాంగం 293(3) ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలి. జీఎస్‌డీపీ, అంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం చుట్టూ పరిమితి పెడతారు. కార్పొరేషన్ అప్పు ఆ లెక్కలోకి వచ్చేది కాదు. బడ్జెట్ నుంచే తీర్చేదైతే అదీ మీ అప్పేనని 2022లో కేంద్రం తేల్చింది. తెలంగాణ అభ్యంతరం చెప్పింది. కేరళ ఏకంగా 2023లో సుప్రీంకోర్టుకెక్కింది, 2024లో ఆ కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది.