సూది గుచ్చుకుంటే దాచుకోకండి

నమస్తే అండీ. మొన్న ఒక స్టాఫ్ నర్స్ చెల్లి నాకు మెసేజ్ పెట్టింది. నైట్ డ్యూటీలో రక్తం తీసి సూదికి మళ్లీ మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుందట, తర్వాత ఫైల్ చూస్తే పేషెంట్‌కి హెచ్‌సీవీ (కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్ అని ఉందట, ఇన్‌ఛార్జికి చెబితే తిడతారని చెప్పలేదట. నాలుగు రోజులైంది అక్కా, అన్నం సయించడం లేదు అంది.

చెల్లీ, ముందు నీ టెన్షన్ సంగతి. పాత ట్రైనింగుల్లో ఇలా గుచ్చుకుంటే నూటికి దాదాపు 2 మందికి సోకుతుందని చెప్పేవాళ్లు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అది 0.2 శాతం, అంటే వెయ్యి మందికి సూది గుచ్చుకుంటే ఇద్దరికి. రక్తం నిండిన బోలు సూది లోతుగా దిగితే ప్రమాదం ఎక్కువ, అది నిజమే, కానీ నువ్వు రాత్రంతా ఊహించుకుంటున్నంత లేదు.

అలాగని వదిలేయడానికి లేదు. హెచ్ఐవీకైతే 72 గంటల్లోపు మొదలుపెట్టే మందులున్నాయి, హెపటైటిస్ బికి టీకా ఉంది. హెపటైటిస్ సికి టీకా లేదు, ముందు జాగ్రత్తగా మింగే మాత్రలూ ఇవ్వరు. ఉన్నది టెస్టులే. అవి సరైన టైముకి చేయించుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మర్నాడే యాంటీబాడీ టెస్ట్ (వైరస్ సోకిన కొన్ని వారాలకి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాల్ని చూసేది) చేయించుకుని, నెగెటివ్ వచ్చింది, గండం గడిచింది అనుకుంటారు. ఆ టెస్ట్ చెప్పేది గుచ్చుకోకముందు నీకు ఈ జబ్బు లేదని మాత్రమే. అది చాలా అవసరం, ఎందుకంటే రేపు ఏదైనా అయితే డ్యూటీలోనే వచ్చిందని చూపించే కాగితం అదే. 48 గంటల్లోపు చేయించాలంటారు, నాలుగు రోజులైనా సరే, ఈరోజే వెళ్లు. మళ్లీ 3 నుంచి 6 వారాల మధ్య, రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే ఆర్ఎన్ఏ టెస్ట్, చివరగా 4 నుంచి 6 నెలలకి యాంటీబాడీ టెస్ట్. కామెర్లు వస్తే చూద్దాంలే అనుకోకు, చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు.

ఒకవేళ పాజిటివ్ వచ్చిందే అనుకుందాం. ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో, నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఆ మందులు ఉచితం.

గుచ్చుకున్న వెంటనే సబ్బు, నీళ్లతో కడగండి, అంతే. వేలు పిండటం, బ్లీచింగ్ పోయడం వద్దు. వెంటనే రిజిస్టర్‌లో రాయించండి. ఇన్‌ఛార్జిలకీ ఒక మాట, మీరు తిడితే సూది గుచ్చుకోవడం ఆగదు, చెప్పడం ఆగిపోతుంది.

ఇంకొకటి, నాకు బాగా బాధ కలిగించేది. వాడిన సూది చిల్లుపడని తెల్ల డబ్బాలో వేయాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. అయినా చెత్త సంచిలో పడేస్తారు. అది గుచ్చుకునేది ఊడ్చే ఆయమ్మకి, ఏ పేషెంట్ సూదో కూడా ఆమెకి తెలియదు, టెస్టులు చేయించుకోవాలని చెప్పేవాళ్లుండరు. రేపు డ్యూటీకెళ్లినప్పుడు ఆమెకి హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో ఒక్కసారి అడగండి.