కార్చిచ్చు మధ్యలో తగ్గిపోయిన డేటా స్పీడ్

నమస్కారం. 2018 జూలై చివరలో ఉత్తర కాలిఫోర్నియాలో మెండొసినో కాంప్లెక్స్ కార్చిచ్చు చెలరేగినప్పుడు, శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక శాఖ ఓఈఎస్ 5262 అనే వాహనాన్ని అక్కడికి పంపింది. ఏ ఫైరింజన్ ఎక్కడుందో, ఏ బృందాన్ని ఎటు మళ్ళించాలో తెలుసుకోవడానికి సిబ్బంది ఆధారపడింది ఆ వాహనంలోని ఇంటర్నెట్ మీదే. సరిగ్గా ఆ సమయంలో వెరైజన్ అనే టెలికాం సంస్థ దాని డేటా వేగాన్ని మామూలు వేగంలో 200వ వంతుకు తగ్గించింది. అది అన్‌లిమిటెడ్ ప్లానే; కాకపోతే నెలకు 25 జీబీ దాటితే వేగం పడిపోతుంది. పరిమితి ఎత్తివేయమని సిబ్బంది ప్రాధేయపడితే, రెట్టింపుకు పైగా ధర ఉన్న ప్లానుకు మారమన్నారు. అత్యవసర వేళల్లో పరిమితి తొలగించాలన్న సొంత నియమాన్నే పాటించలేదని వెరైజన్ తర్వాత ఒప్పుకుంది.

అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో తెచ్చిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనల రద్దు అమలులోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అందుకే చాలామంది రెంటినీ ముడిపెట్టారు. నిక్కచ్చిగా చూస్తే, ఒక వెబ్‌సైటుకు వేగం, మరొకదానికి అడ్డంకి అన్న వివక్షను ఆపేదే నెట్ న్యూట్రాలిటీ. కోటా దాటాక అన్నిటినీ సమానంగా నెమ్మది చేయడం వేరే సంగతి. అయినా ఆ రద్దుతో పోయింది చిన్నదేమీ కాదు: సర్వీస్ ప్రొవైడర్ల అన్యాయమైన పద్ధతులపై ఎఫ్‌సీసీకి ఉన్న పర్యవేక్షణాధికారం కూడా దాంతోపాటే పోయింది. ప్రజల భద్రతపై రద్దు ప్రభావాన్ని ఎఫ్‌సీసీ సరిగా పరిశీలించలేదని 2019లో అప్పీలు కోర్టు తప్పుపట్టింది.

మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న, చూసే సైటును బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. లక్షలాది మంది ఈమెయిళ్ళు పంపి పోరాడి సాధించుకున్న రక్షణ అది, దాని విలువ చాలా గొప్పది. కానీ రోజువారీ కోటా అయిపోగానే 64 కేబీపీఎస్‌కు దించే ప్లాన్లను అది తాకదు. ఆ వేగంతో 2 ఎంబీ ఫోటో ఒకటి దిగడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో ప్రభుత్వమే నిర్ణయించినప్పుడు, కోటా తర్వాత మిగిలే వేగానికి కూడా ఒక గౌరవప్రదమైన కనీస హద్దును, ఆసుపత్రులకు, 108 అంబులెన్సులకు, అగ్నిమాపక సిబ్బందికి పూర్తి మినహాయింపును ట్రాయ్ నిర్దేశించాలని గట్టిగా కోరుతున్నాను.