కెన్యా ప్రయాణం: వెళ్లేముందే తిరుగుదారి చూసుకోండి

అందరికీ నమస్కారం.

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో విల్డబీస్టులనే జింకజాతి జంతువుల మందలు జులై నుంచి అక్టోబరు దాకా కనిపిస్తాయి. కెన్యా టికెట్లకు గిరాకీ కూడా ఆ నెలల్లోనే. టికెట్ కొన్న ప్రతివాళ్లూ ముందు అడిగేది "వీసా ఎలా?" అని. నిజానికి ఈ ప్రయాణంలో అన్నిటికన్నా తేలికైన పని అదే. మనవాళ్లు ఇరుక్కునేది తిరిగొచ్చేటప్పుడు, అదీ మన విమానాశ్రయంలోనే. కాబట్టి వీసా సంగతి త్వరగా ముగించి, ఎల్లో ఫీవర్ టీకా దగ్గర కాసేపు ఆగుదాం.

2024 జనవరి నుంచి కెన్యా వీసా పద్ధతినే ఎత్తేసింది. దాని బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. విమానం ఎక్కకముందే అది చేతిలో ఉండాలి, అక్కడ దిగాక తీసుకుందాంలే అంటే కుదరదు. చంటిపిల్లలకూ విడిగా కావాలి. రుసుము మనిషికి 30 డాలర్లు, పైన కార్డు ఛార్జీలు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. సాధారణంగా మూడు పనిదినాల్లో వచ్చేస్తుంది, అయినా రెండు వారాలు చేతిలో ఉంచుకోండి. ప్రభుత్వ సైటు చిరునామా చివర "గో డాట్ కేఈ" అని ఉంటుంది. గూగుల్‌లో వెతికితే అంతకన్నా పైన ప్రకటనల్లో కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు. అదే ఫారం నింపి ఎక్కువ డబ్బు గుంజుతాయి.

కావలసినవి: దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు, ఒక ఖాళీ పేజీ ఉన్న పాస్‌పోర్టు, ఫోటో, రానుపోను టికెట్లు, హోటల్ బుకింగ్. నైరోబీలో బంధువుల ఇంట్లో దిగేవాళ్లయితే హోటల్ కాగితం బదులు వారి ఆహ్వాన లేఖ. దరఖాస్తులో మనవాళ్లకు తప్పు జరిగేది పేరు దగ్గర. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉండి సర్‌నేమ్ ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే టికెట్‌లో, ఈటీఏలో, టీకా కార్డులో అలాగే ఉండాలి. ఒకచోట పొడి అక్షరాలు, ఇంకోచోట పూర్తి పేరు రాస్తే చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

ఇప్పుడు టీకా. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లను ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకున్నా కెన్యా రానిస్తుంది. అడగలేదు కదా అని చాలామంది వేయించుకోరు. చిక్కు అక్కడే మొదలవుతుంది. కెన్యా మన ప్రభుత్వం పెట్టిన ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంది. చెల్లే కార్డు లేకుండా అక్కడినుంచి వస్తే ఆరు రోజుల క్వారంటైన్. దుబాయిలోనో దోహాలోనో విమానం మారినా లెక్క మారదు. గత ఆరు రోజుల్లో మీరు కెన్యాలో ఉన్నారా లేదా అన్నదే చూస్తారు. ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ జ్వరాన్ని మోసే ఈడిస్ దోమ మన దగ్గర దండిగా ఉంది, డెంగీ తెచ్చేది అదే. జబ్బు మాత్రం ఇంకా ఇక్కడికి రాలేదు, జనానికి టీకా లేదు. ఒక్క రోగి చాలు.

ఈ టీకా మామూలు క్లినిక్‌లో వేయరు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన చోట్లే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అలాంటిదే, విశాఖలోనూ ఒకటి ఉంది. ఒక్కో సీసాలో పలు డోసులుంటాయి. తెరిచాక కొన్ని గంటల్లోనే వాడెయ్యాలి. అందుకే చాలాచోట్ల వారంలో ఫలానా రోజులే పెడతారు, పరిమితంగా పేర్లు రాసుకుంటారు. అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. కార్డు చెల్లుబాటయ్యేది టీకా వేసిన పదో రోజు తర్వాతే. దాంతో పాటు తేదీ దొరకడానికి పట్టే సమయమూ కలుపుకుంటే, నెల ముందే కదలాలి. 2016 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఒకసారి వేయించుకున్న టీకా జీవితాంతం చెల్లుతుంది. పాస్‌పోర్టు మారితే కార్డులో పాత నంబరే ఉంటుంది కాబట్టి పాత పాస్‌పోర్టూ వెంట ఉంచుకోండి.

ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. తొమ్మిది నెలల లోపు పిల్లలకు, గుడ్డు తీవ్రంగా పడనివాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు వేయరు. గర్భిణులు, అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లు డాక్టరు సలహా తీసుకునే వెళ్లాలి. వైద్య కారణంతో మినహాయింపు పత్రం ఉన్నా, వచ్చేటప్పుడు క్వారంటైన్ తప్పుతుందన్న భరోసా లేదు. పెద్దవాళ్లను వెంటబెట్టుకెళ్లాలనుకుంటే టికెట్ కొనకముందే ఇది తేల్చుకోండి, కొన్నాక కాదు.

పక్క దేశాలూ చూద్దామనుకుంటే: కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ కలిపి 100 డాలర్ల తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసా ఉంది, 90 రోజులు. ఏ దేశం నుంచి తీసుకుంటే మొదట ఆ దేశంలోనే దిగాలి. టాంజానియా ఇందులో లేదు. దానికి వేరే ఈ-వీసా, 50 డాలర్లు. పైగా కెన్యా నుంచి వెళ్తున్నారు కనుక ఎల్లో ఫీవర్ కార్డు అక్కడ అడుగుతారు. టాంజానియాలోని జాంజిబార్ దీవులకైతే 2024 అక్టోబరు నుంచి వాళ్ల ప్రభుత్వ బీమా తప్పనిసరి, పెద్దలకు 44 డాలర్లు. మీరు ఇక్కడ తీసుకున్న ట్రావెల్ పాలసీ దానికి బదులు కాదు.

డబ్బు సంగతి. మసాయి మారా ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు వరకు 200. ఆ టికెట్ పన్నెండు గంటల పాటే చెల్లుతుంది. చవగ్గా కనిపించే ప్యాకేజీలో ఈ రుసుము కలిసి ఉందా లేదా అన్నది రాతలో అడగండి, నోటిమాట వద్దు. విదేశీ నోట్ల రూపంలో ఇక్కడినుంచి మనిషికి 3,000 డాలర్లే తీసుకెళ్లొచ్చు. పాత, చిరిగిన డాలరు నోట్లు అక్కడ తీసుకోరు. దిగగానే పాస్‌పోర్టు చూపి సిమ్ తీసుకుంటే ఫోన్‌తో డబ్బు చెల్లించే ఎం-పెసా వాడుకోవచ్చు, కూరగాయల బండి దగ్గరా అదే నడుస్తుంది.

సామాను సర్దేటప్పుడు ఊరగాయ సీసాలు ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో చుట్టే అలవాటు మానండి. 2017 ఆగస్టు నుంచి అవి అక్కడ నిషేధం. డ్యూటీఫ్రీ సంచీ కూడా దిగేముందు వదిలేయాలి. పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల సీసాలనూ రానివ్వరు. అనుమతి లేని డ్రోన్ స్వాధీనం చేసుకుంటారు. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో పార్కుకు వెళ్తే చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తని సంచిలో. గట్టి సూట్‌కేసు చిన్న విమానం అడుగున పట్టదు.

మలేరియాకు టీకా మీద ఆశ పెట్టుకోవద్దు, మాత్రలే. నైరోబీ ఎత్తున, సుమారు 1,700 మీటర్ల మీద ఉంది కాబట్టి అక్కడ ముప్పు తక్కువ. మొంబాసా తీరం, కిసుము వైపు ఎక్కువ. డాక్సీసైక్లిన్ అయితే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం వదిలాక నాలుగు వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వదిలాక ఏడు రోజులు. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో ఆపేసేవాళ్లే ఎక్కువ, జ్వరం పడేదీ వాళ్లే. తిరిగొచ్చిన రెండు మూడు నెలల్లో ఏ జ్వరం వచ్చినా, డాక్టరుకు మొదటి మాటగా ఆఫ్రికా వెళ్లొచ్చామని చెప్పి ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. అక్కడ ఎక్కువగా ఉండే ఫాల్సిపేరం రకం మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకు తెస్తుంది.

పాస్‌పోర్టు కాపీలు, టికెట్లు తెచ్చుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి. పేర్లూ తేదీలూ ఒక్కొక్కటిగా సరిచూద్దాం.