సహజ మరణం అని రాసిన కాగితం

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలకు, సంఘం కార్యదర్శి గారికి, పొద్దున్నుంచి ఆడిన పిల్లలందరికీ. పెరంబూరులో మన తెలుగు పిల్లలు ఇంత బాగా కబడ్డీ ఆడతారని నాకు ఇవాళే తెలిసింది. ‘క్రీడలు, యువత’ మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ధ్యాన్‌చంద్ గురించి, మన కోనేరు హంపి గురించి రాసుకుని కూడా వచ్చాను. కానీ మధ్యాహ్నం సెమీఫైనల్లో ఒక పిల్లాడు తల తిరుగుతోందని గీత పక్కనే కూర్చుండిపోయాడు, చూశారు కదా. కోచ్ గారు వెంటనే ఆట ఆపించి, వాణ్ని చెట్టు కిందికి తీసుకెళ్లి గ్లూకోజ్ నీళ్లు తాగించారు, వాడు తేరుకునేదాకా ఎవరూ విజిల్ వేయలేదు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేస్తున్నాను, కార్యదర్శి గారు ఏమీ అనుకోవద్దు.

నేను 2013 నుంచి మూడేళ్లు ఖతార్‌లో, దోహాలో, ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. 2010 డిసెంబరు 2న ఆ చిన్న దేశానికి 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఇచ్చారు. ఇచ్చిన రోజు నుంచి ఊరంతా తవ్వడమే. స్టేడియాలు, మెట్రో, రోడ్లు, హోటళ్లు, లుసైల్ అయితే ఏకంగా కొత్త నగరం. మేం కట్టింది స్టేడియం కాదు, హోటల్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నా కింద రాడ్ బెండింగ్ గ్యాంగులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. 27 ఏళ్లు. పేరు చెప్పను, వాళ్లమ్మకు అలా మాటిచ్చాను. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టి వచ్చాడు, అదీ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. జీతం 800 రియాళ్లు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది, ఉద్యోగం మారాలన్నా దేశం దాటాలన్నా కఫీల్, అంటే యజమాని, సంతకం కావాల్సి వచ్చేది. ఆ పద్ధతినే కఫాలా అంటారు. మన పల్లెల్లో పాలేరుతనం చూసినవాళ్లకు నేను దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పట్లో అక్కడ జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా మధ్యాహ్నం పదకొండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని రూలు. సెప్టెంబరు 1 రాగానే రూలు అయిపోతుంది, ఎండ మాత్రం అలాగే ఉంటుంది, పైగా సముద్రం మీంచి ఉక్కపోత. చెన్నైలో ఉంటున్నాం కాబట్టి ఉక్కపోత అంటే మనకు తెలుసు, దానికి రెండింతలు అనుకోండి. 2014 సెప్టెంబరు మొదటి వారం, మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రానికి స్లాబ్ వేయాలి. ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి, ‘సార్, తలకాయ తిరుగుతున్నది, జర నీడల కూసుంటా’ అన్నాడు. నేను ‘ఆ మూల కట్టేసి కూర్చో’ అన్నాను.

ఆ మూల కట్టాడు. కూర్చున్నాడో లేదో నేను చూడలేదు. రాత్రి క్యాంపులో పడుకున్నాడు, తెల్లవారి లేవలేదు. పైబంకు మీది వాడు నాలుగింటికి బస్సుకు లేపితే ఒళ్లు చల్లగా ఉందట.

సామాను సర్దింది నేనే. రెండు జతల బట్టలు, ఒక ఫోన్, కొబ్బరినూనె సీసా. హెల్మెట్ తిప్పి చూస్తే లోపల మార్కర్‌తో గీతలు గీసి ఉన్నాయి. ఇరవై రెండు నెలలు పంపిస్తే అప్పు తీరుతుందని లెక్క వేసుకున్నాడట, నెలకొక గీత. తొమ్మిది గీతలున్నాయి.

సర్టిఫికెట్‌లో గుండె ఆగింది, సహజ మరణం అని రాశారు. పోస్ట్‌మార్టం లేదు. ఇరవై ఏడేళ్ల వాడి గుండె ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు, ముందు నేనే అడగలేదు, మర్నాడు నాకూ డ్యూటీ ఉంది. ఆ రెండు మాటల విలువేంటో తర్వాత తెలిసింది. పని వల్ల చనిపోయాడంటేనే కంపెనీ పరిహారం ఇవ్వాలి, సహజ మరణం అంటే ఏమీ ఇవ్వక్కర్లేదు. మన దేశం ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమాలో పది లక్షలు వచ్చేది కూడా ప్రమాదంలో పోతేనే. ఒక్క మాటతో ఆ తల్లికి రెండు తలుపులూ మూసేశారు.

ఇప్పుడు లెక్కల సంగతి. 2021లో గార్డియన్ పత్రిక, ఖతార్‌కు వరల్డ్ కప్ వచ్చిన నాటి నుంచి దక్షిణాసియా ఐదు దేశాల వలస కార్మికులు 6,500 మందికి పైగా అక్కడ చనిపోయారని రాసింది, అందులో మన భారతీయులు 2,711. వీళ్లంతా స్టేడియాల దగ్గరే పోయారని కొందరు వాట్సాప్‌లో తిప్పారు, అది తప్పు. అన్ని రకాల పనుల వాళ్లూ, అన్ని కారణాలతో పోయినవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. కానీ నిర్వాహకులు చెప్పిన లెక్క చూడండి, స్టేడియాల పనివాళ్లలో మొత్తం 37 మంది, అందులో పని వల్ల పోయింది ముగ్గురట! హోటల్ కట్టినవాడు లెక్కలో లేడు, మెట్రో సొరంగం తవ్వినవాడు లేడు, నిద్రలో పోయినవాడు పని వల్ల పోయినట్టు కాదు. మేం కట్టింది హోటల్ అని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. తర్వాత 2022 నవంబరులో ఆ నిర్వాహక కమిటీ పెద్దాయనే ఒక ఇంటర్వ్యూలో 400 నుంచి 500 దాకా ఉండొచ్చు అన్నాడు. నేపాల్ కార్మికుల మీద 2019లో డాక్టర్లు ఒక పరిశోధన చేశారు. గుండె జబ్బు అని రాసిన 571 మరణాల్లో దాదాపు 200 మందిని ఎండ నుంచి కాపాడి ఉంటే బతికేవాళ్లేమో అని తేల్చారు. అందుకే సహజ మరణం అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఖతార్ ఏమీ మార్చలేదని నేను అనను. ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదన్నారు, 2021 నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు చేశారు, ఎండ రూలు సెప్టెంబరు 15 దాకా పొడిగించారు. ఏడేళ్ల ముందు పొడిగించి ఉంటే... సరే, అది వదిలేయండి.

‘ఆటలు వేరు, ఇవన్నీ వేరు, ఆటగాళ్లనెందుకు లాగుతారు’ అని మా అల్లుడే నాతో వాదిస్తాడు. చెన్నైలో ఉండి ఆ మాట అనొచ్చా? 2022లో చెస్ ఒలింపియాడ్ మాస్కోలో జరగాలి. ఫిబ్రవరి 24న యుక్రెయిన్ మీద దాడి మొదలైంది, మర్నాడే ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే మాస్కో వద్దనేసింది. మార్చిలో చెన్నై పేరు ప్రకటించారు, జులై 28కల్లా మామల్లపురంలో బల్లలు వేసేశారు, మనమంతా పిల్లల్ని తీసుకెళ్లి నలుపు తెలుపు గళ్లు వేసిన నేపియర్ బ్రిడ్జి మీద ఫోటోలు దిగాం. వేదిక మార్చడానికి ఒక్క రోజు చాలింది. మరి కార్మికులు చనిపోతుంటే పన్నెండేళ్లలో ఒక్కసారైనా ఫుట్‌బాల్ నడిపే ఫిఫా నోట ఆ మాట ఎందుకు రాలేదు? 1978 వరల్డ్ కప్ అప్పుడు అర్జెంటీనాలో సైనిక పాలన ఉండగా, ఫైనల్ జరిగిన స్టేడియానికి దగ్గర్లోనే నౌకాదళం స్కూల్లో మనుషుల్ని బంధించి హింసించారు, కప్పు మాత్రం జరిగిపోయింది. 2024 డిసెంబరు 11న 2034 వరల్డ్ కప్ సౌదీకి ఇచ్చారు. పోటీకి ఇంకెవరూ లేరు. అక్కడా ఏళ్ల తరబడి నడిచింది కఫాలానే, అక్కడా మనవాళ్లే, ఈసారి కట్టాల్సిన కొత్త స్టేడియాలు పదకొండు.

పరాయి దేశాన్ని అనడం తేలిక, మన ఇల్లు చూసుకోవద్దా? 1982 ఏషియాడ్‌కు, అంటే ఆసియా క్రీడలకు, ఢిల్లీలో స్టేడియాలు కట్టిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు ఇవ్వాలి, కూలీల్ని తెచ్చే జమాదారు అందులో రూపాయి కోసుకునేవాడు, ఆడవాళ్లకైతే ఏడు రూపాయలే. సుప్రీంకోర్టుకు వెళ్తే జస్టిస్ భగవతి గారు, కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది వెట్టిచాకిరీయే అని తీర్పు చెప్పారు. రాజ్యాంగంలో 23వ అధికరణం. పిల్లలూ, ఇది రాసుకోండి, మీ పాఠాల్లో ఉందో లేదో నాకు తెలియదు. ఆటల కోసం వచ్చిన తీర్పు అది! అయినా 2010 కామన్వెల్త్ గేమ్స్ నాటికి అదే ఢిల్లీలో అవే ఫిర్యాదులు. ఇప్పుడు 2030 గేమ్స్ అహ్మదాబాద్‌కు వచ్చాయి, ఒలింపిక్స్ కూడా కావాలంటున్నాం. రావాలి, నేనూ కోరుకుంటాను. కట్టేవాడి పేరు రాసిన రిజిస్టర్ కూడా ఉండాలి, ఎండకు పడిపోయిన ప్రతివాడి పేరూ అందులో ఉండాలి.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు, రెండు నిమిషాలు.

2016లో నేను తిరిగొచ్చాక ఆ ఊరు వెళ్లాను. వాళ్లమ్మ అన్నం పెట్టింది. తిన్నాక, ‘నా కొడుక్కు ఏం రోగముండె సారూ’ అని అడిగింది. ఏ రోగమూ లేదమ్మా అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. నీడలో కూర్చుంటానని అడిగాడని ఆవిడకు చెప్పలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఇక్కడ, మీ ముందు చెప్పాను.

మీ ఊళ్లలో, కడప వైపు కానివ్వండి, గోదావరి వైపు కానివ్వండి, గల్ఫ్ వెళ్లే పిల్లలుంటే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి. కాంట్రాక్టు కాగితం చేతికి రాకుండా అప్పు తేవద్దనండి. బీమా కట్టమనండి. చూసుకోవడం రాకపోతే కాగితాలు నా దగ్గరికి పంపండి, సభ అయ్యాక ఆ స్తంభం పక్క కుర్చీలో ఉంటాను. ఇక బహుమతులు. ముందు ఆ కళ్లు తిరిగిన పిల్లాణ్ని పిలవండి, వాడికెలా ఉందో కనుక్కుని మొదలుపెడదాం.