చూసినవాళ్ళు సాక్ష్యం చెప్పాలి

అందరికీ నమస్కారం. పౌర హక్కుల దినం సభను ఈసారి ఊరి మధ్యలో, బడి ఆవరణలో పెట్టిన సర్పంచ్ గారికి ధన్యవాదాలు. ఇవాళ నేను చెప్పబోయేది బాధితుల కంటే పక్కన నిలబడి చూసేవాళ్ళు ఎక్కువగా వినాల్సిన విషయం.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ఆ గొడవ ఎక్కడ మొదలైంది? చెరువు దగ్గర. తాము తాగే నీళ్ళను మురికి చేయొద్దన్నందుకు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదాతో మొదలైంది. కుల ద్వేషం మొదట్లో ఇలా చిన్న గొడవలాగే కనిపిస్తుంది. "ఇది కుర్రాళ్ళ తగాదాలే" అని మనం సర్దుకుపోతాం.

దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. టీ కొట్టులో కొందరికి వేరే గ్లాసు పెట్టడం, పెళ్ళి ఊరేగింపు ఫలానా వీధిలోంచి పోకూడదనడం, ఎదురు మాట్లాడిన కుటుంబాన్ని కూలి పనికి పిలవొద్దని కట్టడి చేయడం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సవరణలో బండి ఎక్కనివ్వకపోవడం, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోనివ్వకపోవడం కూడా నేరాలుగా రాశారు. అవి జరుగుతున్నాయి కాబట్టే రాయాల్సి వచ్చింది. నాకు అది చదివినప్పుడల్లా కోపం వస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ చట్టంలో కులం పేరుతో తిట్టడం గురించిన సెక్షన్ కింద కేసు నిలబడాలంటే, ఆ తిట్టు నలుగురికీ తెలిసేచోట జరిగి ఉండాలి. బయటివాళ్ళెవరూ లేకుండా ఇంటి నాలుగు గోడల మధ్య జరిగితే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే అక్కడున్న ఆ నలుగురే కేసుకు బలం. వాళ్ళు "నేను వినలేదండీ" అంటే బాధితుడు ఒంటరైపోతాడు.

ఫిర్యాదు రాసేటప్పుడు ఇంకో మాట గుర్తుంచుకోండి. "కులం పేరుతో దూషించాడు" అని ఊరుకోకూడదు. అన్న మాట ఉన్నదున్నట్టు రాయించాలి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరెవరు ఉన్నారో కూడా ఉండాలి. ఆ మాటలు మళ్ళీ పలకడానికి చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, సిగ్గుపడతారు. తోడెళ్ళినవాళ్ళు ధైర్యం చెప్పాలి. నోటితో చెప్పినా స్టేషన్‌లో రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ చెబుతోంది. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపండి. కావాలని విధి నిర్లక్ష్యం చేసే అధికారికి శిక్ష కూడా ఈ చట్టంలోనే ఉంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. 14566 హెల్ప్‌లైన్‌కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు.

"అట్రాసిటీ కేసులన్నీ తప్పుడువే" అనేవాళ్ళు ఈ సభలోనూ ఉంటారు. వాళ్ళకు నా మనవి ఒకటే. చూసింది చూసినట్టు చెప్పండి. అన్ని కులాలవాళ్ళూ సాక్ష్యానికి వస్తే నిజమైన కేసు నిలుస్తుంది, కానిది పడిపోతుంది. సాక్షులు లేని చోటే పెద్దమనుషుల పంచాయితీ కూర్చుంటుంది. కొంత డబ్బిచ్చి రాజీ చేస్తుంది. ఇవి రాజీకి వీలున్న నేరాలు కావు. ఇచ్చిన డబ్బుతో ఆ కుటుంబం పోగొట్టుకున్న పరువు తిరిగి రాదు, కొట్టినవాడి అహం పెరుగుతుంది.

సాక్షికి భయం ఉండటం సహజం. అందుకే ఈ చట్టం 15ఎ సెక్షన్‌లో సాక్షులకు రక్షణ పెట్టారు. కోర్టుకు వచ్చిన రోజుకు దారి ఖర్చులు, భత్యం ఇవ్వాలి. ఎవరికైనా ఆ డబ్బు రాకుండా ఆగిపోయి ఉంటే తహసీల్దార్ గారు ఇక్కడే ఉన్నారు. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసలోకి రండి, అర్జీలు నేను రాసిపెడతాను.