ఒక్క బ్యాగ్‌కి ఇంత పెద్ద అద్దమా? | న్యూయార్క్‌లో నా పని

హాయ్ అండి. "అసలు అక్కడ ఏం పని చేస్తావే నువ్వు?" అని మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. ఆవిడ కోసమే ఈ వీడియో. పెద్దమ్మా, ఖరీదైన షాపులకి రోడ్డువైపు పెద్ద అద్దాలుంటాయి కదా, వాటి వెనక అలంకరణ చేసేది మేమే. మా వర్క్‌షాప్ బ్రూక్లిన్‌లో. ఇప్పుడు చేస్తున్న క్రిస్మస్ విండో మాత్రం చూపించలేను. నవంబర్‌లో తెర తీసేదాకా ఒక్క ఫొటో కూడా బయటికి రాకూడదు. అద్దానికి కాగితం అంటించి, షాపు మూశాక రాత్రిళ్లు పని.

అందుకే వేరే విండోలు చూపిద్దామని, ఖరీదైన షాపులుండే ఫిఫ్త్ అవెన్యూ అనే వీధికి వచ్చా. మన దగ్గర షాపంటే ఉన్నదంతా బయటపెట్టాలి. గుమ్మం ముందు వరసగా బొమ్మలు, బొమ్మ మెడలో రేటు చీటీ. లోపలికెళ్తే పరుపు మీద కూర్చోబెట్టి చీరలు గుట్ట పోస్తారు. ఇక్కడ ఖరీదు పెరిగేకొద్దీ విండోలో సామాను తగ్గుతుంది. ఇదిగో, ఒక్క బ్యాగ్. చుట్టూ ఖాళీ. రేటు లేదు! ఈ వీధిలో షాపు అద్దె చదరపు అడుగుకి ఏడాదికి దాదాపు 2,000 డాలర్లు. మన డబ్బుల్లో లక్షా డెబ్భై వేల పైమాటే. అంత పోసి ఖాళీని చూపిస్తున్నారన్నమాట. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అదే నాకు జీతం ఇస్తోంది.

బ్యాగ్ గాల్లో తేలుతున్నట్టుందా? అది గాలానికి కట్టే నైలాన్ దారం. లైటు పడితే మెరిసి దొరికిపోతాం. అందుకే ఒకరు నిచ్చెన మీద, ఒకరు చలిలో రోడ్డు మీద నిలబడి "ఇంకాస్త ఎడమకి" అంటూ ఫోన్లో. బ్యాగ్ సొట్ట పడకుండా లోపల టిష్యూ పేపర్ కుక్కుతాం. బొమ్మకి కోటు తొడగాలంటే ముందు చేతులు ఊడదీయాలి. ముందు నుంచి కొలతకి కుట్టినట్టున్న డ్రెస్సుకి వెనకంతా గుండుసూదులే. "కుచ్చిళ్లకి పిన్ను పెట్టడానికి అమెరికా దాకా వెళ్లావా?" అంది అమ్మ.

తెల్లారాక ఎవరైనా ఆగి ఫొటో తీసుకుంటుంటే, అది నేను చేసిందే అని చెప్పుకోవడానికి పక్కన మనిషి ఉండరు. అప్పటికి ఇండియాలో సాయంత్రం కాబట్టి, అమ్మకి వీడియో కాల్ చేసి అద్దం వైపు తిప్పి చూపిస్తా.

సరే, 57వ వీధి మూలన ఇది టిఫనీ, వజ్రాల నగల షాపు. జీన్ మూర్ అనే ఆయన 1955 నుంచి దాదాపు నలభై ఏళ్లు ఈ చిన్న విండోలు చేశారు. 1965లో ఊళ్లో నీటి ఎద్దడి వస్తే, విండోలో ఫౌంటెన్‌కి నీళ్లు వాడకూడదని జిన్ పోశారట! వజ్రాల పక్కన మందు. మా తాతయ్య వింటే బాగా నవ్వేవాడు.

దీని పక్కనే, 56వ వీధి మూలన, అప్పట్లో బాన్‌విట్ టెల్లర్ అనే పెద్ద బట్టల షాపు ఉండేది. 1939 మార్చిలో సాల్వడార్ డాలీ అనే పేరున్న చిత్రకారుడు అక్కడ గొర్రె ఉన్ని తోలు పరిచిన స్నానపు తొట్టితో విండో పెట్టాడు. జనం గొడవ చేశారని షాపువాళ్లు బొమ్మలు మార్చేశారు. ఆయన కోపంగా వచ్చి తొట్టిని తోస్తే అది అద్దం పగలగొట్టుకుని రోడ్డు మీద పడింది, వెనకే ఆయనా. పోలీసులు పట్టుకెళ్లారు. క్లయింట్ ఆఖరి నిమిషంలో "ఆ రంగు మార్చండి" అన్నప్పుడల్లా నాకు ఆ తొట్టే గుర్తొస్తుంది. కానీ నాది వీసా కదండీ, రంగు మార్చేస్తా.